కాపురానికొక హార్మోనియం

దాంపత్యం గురించి పెద్దలు, పురోహితులు చెప్పినవన్నీ విన్నాం. ఒరిగిందేమీ లేదు. ఇక పద్యనాటకమే దిక్కని, మొన్న కర్నూలు దగ్గర ఒక తిరునాళ్లలో తెల్లవార్లూ హరిశ్చంద్ర చూసొచ్చాక నిర్ధారణకు వచ్చాను.

ఆ రాత్రి చంద్రమతి ఒక్కరే, హరిశ్చంద్రులు ముగ్గురు. అడవిదాకా ఒకాయన, వారణాసికి ఒకాయన, కాటికి ఒకాయన. కాంట్రాక్టు నాటకాల్లో ఇది మామూలే. కాటి సీనులో చంద్రమతి మొగుణ్ణి గుర్తుపట్టలేదంటే తప్పు ఆమెది కాదు. ఆయన సాయంత్రం బస్సు దిగి, మేకప్పు గదిలో మొదటిసారి కనబడిన మనిషి. అయినా ఇద్దరూ ఏడ్చిన ఏడుపుకి నా పక్కన చాపమీద కూర్చున్న ముసలామె కొంగు తడిసిపోయింది.

ఇంకో సంగతి చూశాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ మైకునే చూశారు. పద్యం మధ్యలో ఎవరో నూట పదహార్లు చదివించారు. దాత పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పి, నోటును కాటికాపరి కంబళికి పిన్నుతో గుచ్చేదాకా చంద్రమతి దుఃఖం ఆగింది. ఆ కాసేపూ శోకాన్ని పట్టి ఉంచింది హార్మోనిస్టు. పద్యం మరిచిపోతే రాగం సాగదీశాడు, శృతి తప్పితే గట్టిగా వాయించి కప్పేశాడు. మన కాపురాల్లో లేనిది ఈ మూడో మనిషే.

నిజం మొగుడూ పెళ్లాలే ప్రేమికుల వేషం కడితే ఈ బెడద ఉండదు కదా అంటారేమో. ఐరోపా వాళ్లు అదీ చేసి చూశారు. 1865 జూన్ 10న మ్యూనిక్‌లో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఆపెరా (వాళ్ల పద్యనాటకం అనుకోండి) 'ట్రిస్టన్ అండ్ ఇజోల్డ్' తొలి ప్రదర్శనలో నాయికానాయకులు ష్నార్ దంపతులే. నాలుగు ఆటలయ్యాయి. జూలైలో నాయకుడు 29 ఏళ్లకే పోయాడు. అంతకంటే గొప్ప కథ వేదిక ముందు నడిచింది. వాద్యబృందాన్ని నడిపినాయన బ్యూలో. ఆయన భార్య కోసిమా ఏప్రిల్‌లోనే వాగ్నర్ బిడ్డను కన్నది, పేరు ఇజోల్డే! అయినా బ్యూలో చెయ్యి వణకకుండా తాళం వేశాడు. హార్మోనిస్టు ధర్మమంటే అదీ. (ఆ ఉద్యోగానికి మనవాళ్లెవరూ దరఖాస్తు పెట్టకపోవచ్చు.)

మన కడప జిల్లా సురభి వాళ్ల దారి వేరు. 1885లో 'కీచకవధ'తో మొదలుపెట్టి, ఇంటిల్లిపాదీ రంగస్థలం ఎక్కేశారు. మొగుడికి కీచకుడి వేషం పడితే ఇల్లాలు ద్రౌపదై భీముడితో కొట్టించవచ్చు, టికెట్టు డబ్బులూ వస్తాయి. ఇంత వెసులుబాటు ఏ కుటుంబ న్యాయస్థానంలో ఉంది?

ఇదంతా మా ఆవిడ ముందు పెట్టాను. చిక్కుడుకాయలు తుంచుతూనే వినింది.

"మూడో మనిషిని పెట్టుకునేంత దుడ్డు మనకాడ లేదు గానీ, ఆ ముగ్గురు హరిశ్చంద్రుల పద్ధతి బాగుంది. సరుకులకు ఒకాయన, మా పుట్టింటికి తోడు పోనీకి ఒకాయన. కాటికి మాత్రం మీరే రండి" అంది.