పందొమ్మిది చప్పట్ల పదం

కూకట్‌పల్లి అపార్టుమెంట్లలో పిల్లలు ఇప్పుడు ఇంగ్లిషు మాట్లాడటం లేదు, కోస్తున్నారు. సాయంత్రం ఏ అంతస్తులో లిఫ్టు దిగినా చప్పట్లే. భజన అనుకుని చెప్పులు విడిచేరు, అది ఫోనిక్స్ ట్యూషన్, అంటే ఇంగ్లిషు మాటను పలికే ముక్కలుగా కోసి, ముక్కకో చప్పట్టు కొట్టించే చదువు. హె-లి-కాప్-టర్: నాలుగు చప్పట్లు.

ఆ మాటకు గ్రీకువాళ్లిచ్చిన అతుకు వేరేచోట ఉంది. హెలికో అంటే సుడి, ప్టెరాన్ అంటే రెక్క. మన చప్పట్లు సరిగ్గా ఆ రెక్కనే విరగ్గొడతాయి. ఈ మాటే అడిగితే, “అర్థాలు పై లెవెల్లో ఉంటాయండీ, దానికి ఫీజు వేరు” అన్నారు టీచరమ్మ.

మొన్న మా అసోసియేషన్ వార్షికోత్సవంలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. యూకేజీ బాబు వేదికెక్కాడు. పదం: న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. ఇంగ్లిషులో 45 అక్షరాలు. అతి పొడవైన మాట ఒకటుండాలని 1935లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కుట్టిన బొంత అది. బాబు చరుస్తున్నాడు. తండ్రి ఫోను ఎత్తిపట్టాడు. తాతగారు అలవాటుకొద్దీ గురువులు, లఘువులు లెక్కబెట్టబోయి తలపట్టుకున్నారు. ‘వాల్’ దగ్గర బాబు ముక్కు తుడుచుకున్నాడు. దాన్ని చప్పట్లలో కలపాలా వద్దా అని న్యాయనిర్ణేతలు గుసగుసలాడారు, కలపరాదని తీర్మానించారు.

అంతలో కింద రాయి కోసే మిషను మొదలైంది. వీడియో పాడవుతుందని కార్యదర్శిగారు వాచ్‌మన్‌ను పరుగెత్తించి దాన్ని ఆపించారు. 19 చప్పట్లూ పూర్తయ్యాయి. బాబుకు షీల్డు.

ఇప్పుడు ముక్కల సంగతి చూద్దాం. న్యుమోనో, ఊపిరితిత్తి. సిలికో, రాతిలోని సిలికా. కోని, ధూళి. వాల్కనో, అగ్నిపర్వతం; అది పొడవు కోసం ఇరికించింది. హైదరాబాదుకు గ్రానైటు చాలు. ఎవరి వంటింటి గట్టుకో కింద పలక కోస్తున్న కుర్రాడు కనుబొమలదాకా తెల్లబడి ఉన్నాడు. ముక్కుకు చేతిరుమాలు. ఆ సన్నటి ధూళిని చేతిరుమాలు ఆపుతుందా? అది లోపలికి పోయి ఊపిరితిత్తులను మచ్చలతో గట్టిపడేలా చేస్తుంది. నయంచేసే మందు లేదు. సిలికోసిస్ అంటారు డాక్టర్లు, నాలుగే చప్పట్లు! కోసేచోట నీళ్లు పారిస్తే ధూళి చాలావరకు అణుగుతుంది. అందుకే ఆ కుర్రాడు పొద్దున పైపు అడిగాడు. ట్యాంకరు నీళ్లు దండగని ఇవ్వనన్నది ఎవరనుకున్నారు? షీల్డు కొనడానికి చేయెత్తి డబ్బు మంజూరు చేసిన ఈ అసోసియేషనే.