మూత్రంలో మంట: ‘వేడి’ అని సరిపెట్టుకుంటే ఉద్దానానికే ఎక్కువ నష్టం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరికైనా మూత్రంలో మంట మొదలైతే ఇంట్లో ముందు వినిపించేది ‘వేడి చేసింది’ అనే మాట. మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు ఇస్తారు. నాలుగు రోజులైనా తగ్గకపోతే మాట మారుతుంది, ‘కిడ్నీలకి వచ్చేసిందేమో’ అని టెన్షన్ పట్టుకుంటుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో డయాలసిస్ కష్టం ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ చాలాసార్లు ఆ మంటకు కారణం బ్యాక్టీరియా. అది మూత్రాశయంలోనే ఆగిపోతుందా, కిడ్నీ దాకా పాకుతుందా, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుందా అనేది ఆ బ్యాక్టీరియా దగ్గరున్న హంగుల మీద చాలావరకు ఆధారపడుతుంది. డాక్టర్లు వాటిని వైరులెన్స్ ఫ్యాక్టర్లు అంటారు. వాటి సంగతి తెలియకుండా మాత్రలు మింగడం వల్ల మన జిల్లాకు మిగతా చోట్ల కంటే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్లలో దాదాపు 75 శాతం ఇ.కోలి వల్లే వస్తాయి. 1885లో థియోడార్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు వివరించిన ఈ సూక్ష్మజీవి అందరి పేగుల్లోనూ ఉంటుంది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే కాబట్టి అక్కడి నుంచి మూత్రాశయానికి సులువుగా చేరుతుంది. అయితే చేరిన ప్రతి ఇ.కోలీ జబ్బు చెయ్యదు. స్వీడన్‌లో ఒక బాలిక మూత్రంలో ఏళ్ల తరబడి ఉన్న ఇ.కోలిని పరీక్షిస్తే, కణాలకు అతుక్కునే శక్తిని అది పోగొట్టుకున్నట్టు తేలింది. ఆ పాపకు మంట లేదు, జ్వరమూ లేదు. పేరు ఒకటే అయినా పట్టు లేని బ్యాక్టీరియా మనకు హాని చెయ్యకుండా ఉండిపోగలదు.

ఆ పట్టు గురించే కాస్త వివరంగా చెప్పాలి. జబ్బు చేసే ఇ.కోలి ఒంటి నిండా కంటికి కనిపించని సన్నని పోగులుంటాయి. ప్రతి పోగు కొనన ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ ఉంటుంది. మూత్రాశయం లోపలి గోడ కణాల మీదుండే మ్యానోస్ అనే చక్కెరను అది పట్టుకుంటుంది. మూత్రం ధారగా వస్తే కొట్టుకుపోవాలి కదా అనిపిస్తుంది. నిజానికి ధార తోసేకొద్దీ ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. గాలానికి పడ్డ చేప గుంజుకునేకొద్దీ ముల్లు దిగినట్టన్నమాట. అలాగని నీళ్లు దండగ కాదు. ఇంకా అతుక్కోని వాటిని నీళ్లు బయటికి తోసేస్తాయి. తక్కువ నీళ్లు తాగే అలవాటుండి, ఇన్ఫెక్షన్ పదే పదే వచ్చే ఆడవాళ్లు రోజుకు 1.5 లీటర్లు అదనంగా తాగితే ఆ బెడద దాదాపు సగానికి తగ్గిందని 2018లో వచ్చిన ఒక ట్రయల్ చూపించింది. ఒకసారి గట్టిగా అతుక్కుంటే మాత్రం మజ్జిగతో తేలే పని కాదు.

అతుక్కున్నాక అది కణం లోపలికి దూరుతుంది. అమెరికాలో స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం 2003లో ఎలుకల మూత్రాశయాల్లో ఈ సంగతి చూసింది. ఒక్కో కణంలో బ్యాక్టీరియా గుంపులుగా పెరిగి, గోడ మీద బొడిపెల్లా ఉబ్బి కనిపించాయి. లోపల దాక్కున్న వాటిని మన రోగనిరోధక కణాలు పట్టలేవు, చాలా యాంటీబయాటిక్‌లకూ అవి సరిగా అందవు. కొన్ని అక్కడే నిద్రాణంగా ఉండిపోయి తర్వాత మళ్లీ లేస్తాయి. ‘మొన్ననే తగ్గింది, మళ్లీ మొదలైంది’ అని ఆడవాళ్లు చెబితే శుభ్రత లేదని వాళ్లనే తిట్టే డాక్టర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన మెడికల్ షాపుల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. జీడిపప్పు పని నుంచి ఇంటికెళ్తూ ఓ ఆడమనిషి కౌంటర్ దగ్గర ఆగుతుంది. పక్కన మగవాళ్లు వెళ్లేదాకా నిలబడి, గొంతు తగ్గించి అడుగుతుంది: ‘బాబూ, మంటగుంటంది, ఏటైనా మాత్రుంటే ఇయ్యి.’ కుర్రాడు స్ట్రిప్పు నుంచి రెండు యాంటీబయాటిక్ మాత్రలు కత్తిరించి, ఒక నొప్పి మాత్ర కలిపి ఇస్తాడు. మంట తగ్గుతుంది. కానీ బ్యాక్టీరియా పూర్తిగా పోదు, పైగా ఆ మందును తట్టుకునే రకాలు పెరగడానికి వీలవుతుంది. నొప్పి మాత్ర బాధను కప్పేస్తుంది. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లకు చాలా రకాల నొప్పి మాత్రలు అసలు పడవు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. చేసినదాన్ని బట్టి కూలి వచ్చే చోట మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లే మానేస్తారు. మరుగుదొడ్డి దూరమైతే ఇక చెప్పక్కర్లేదు.

కిడ్నీ దాకా వెళ్లే రకాల్లో తరచుగా ‘పి’ రకం పోగులు కనిపిస్తాయి. అవి కిడ్నీ కణాల మీదుండే వేరే చక్కెరను పట్టుకుంటాయి. హీమోలైసిన్ అనే విషం కణాలకు కన్నాలు పెడుతుంది. మన శరీరం ఇనుమును బ్యాక్టీరియాకు అందకుండా దాస్తుంది, దాన్ని లాక్కోవడానికి సిడెరోఫోర్లు అనే పదార్థాలను అది వదులుతుంది. వాటిని అడ్డుకునే ప్రోటీన్ మనకుంది, దాని కళ్లు కప్పేలా ఒక సిడెరోఫోర్‌కు చక్కెర తగిలించి పంపే రకాలూ ఉన్నాయి. చలితో జ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు మొదలయ్యాయంటే ఇన్ఫెక్షన్ పైకి ఎక్కిందనుకుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం పోవడానికి ఎక్కువ కాలం గొట్టం (క్యాథెటర్) పెట్టిన రోగుల్లో ప్రోటియస్ అనే ఇంకో బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా మార్చి రాళ్లు కట్టిస్తుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఈ ఇన్ఫెక్షన్లే కారణమని నేను అనడం లేదు, ఆ కారణం ఇంకా తేలలేదు. అయితే సగం పనిచేసే కిడ్నీ మీద ఇన్ఫెక్షన్ పడితే తట్టుకునే శక్తి తక్కువ. మందు మోతాదు కూడా కిడ్నీ పనితీరును బట్టి మారాలి. అందుకే కిడ్నీ రోగులకు, గర్భిణులకు, షుగర్ ఉన్నవాళ్లకు, మగవాళ్లకు, పిల్లలకు, పదే పదే వచ్చేవాళ్లకు యాంటీబయాటిక్ వెయ్యకముందే యూరిన్ కల్చర్‌కు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, శాంపిల్ తీయాలి. అలాగే ఏ బాధా లేకుండా రిపోర్టులో బ్యాక్టీరియా కనిపించిందని అందరికీ మందు రాసెయ్యకూడదు. గర్భిణుల సంగతి వేరు, వాళ్లకు లక్షణాలు లేకపోయినా వైద్యం చెయ్యాలి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పీహెచ్‌సీల్లో తీసిన శాంపిళ్లు చల్లగా ఉంచి అదే రోజు అక్కడికో, శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీకో చేరే ఏర్పాటు కావాలి. కల్చర్ రిపోర్టు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోపు డాక్టరు ఏదో ఒక మందు మొదలుపెట్టాల్సిందే. మన జిల్లా ఇ.కోలి మీద ఏ మందులు పనిచేస్తున్నాయో ఏటా లెక్క తీసి ప్రతి పీహెచ్‌సీకి పంపితే, ఆ మొదటి మాత్రను ఊహ మీద రాయాల్సిన అవసరం ఉండదు.