కబురు మోసిన మనిషి మాట పోకూడదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి వినని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో 'క్రియాటినిన్ ఎంత?' అన్నది (కిడ్నీల పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె అది) కుశల ప్రశ్నల్లో కలిసిపోయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా ఏదైనా స్వచ్ఛంద సంస్థ రక్తపరీక్షల శిబిరం పెట్టి 'పదిమందికీ చెప్పండి' అంటే ఆ మాట వీధి మలుపు దాటదు. జనానికి పట్టదని నిర్వాహకులు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను.

అలాంటి కరపత్రం ఒకటి నా చేతికొచ్చింది. సగం కాగితం నిండా దాతల ఫొటోలు, మిగతా సగంలో సంస్థ ఆశయాలు. ఎక్కడికి రావాలి, పరగడుపున రావాలా, డబ్బు కట్టాలా అన్నవి లేవు. తేదీ మాత్రం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పక్కింటావిడకు చెప్పడానికి అందులో ఏముంది?

భయపెట్టే బొమ్మలైతే మరీ చేటు. జబ్బు సంగతి బయటపడితే పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని బెంగపడే చోట, డయాలసిస్ మంచం ఫొటోను బంధువుకు ఎవరు పంపుతారు? మూత్రపిండాలు బాగా దెబ్బతినేదాకా లక్షణాలు బయటపడకపోవచ్చు. తిరుగుతూ పనిచేసుకుంటున్న మనిషికి 'పరీక్ష చేయించుకో' అనడం శాపనార్థంలా వినిపిస్తుంది. 'ఒళ్లు నొప్పులకు డాక్టరును అడగకుండా మాత్రలు మింగకు, కిడ్నీలు దెబ్బతింటాయి' అన్న మాటను మాత్రం కుళాయి దగ్గర ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు. ఎవరి మనసూ నొచ్చుకోదు. మొదట అందించాల్సింది ఇలాంటి మాటలనే.

ఇక్కడి నుంచి హైదరాబాద్‌కో, చెన్నైకో పనికి వెళ్లిన కొడుకు చాలా ఇళ్లలో ఉన్నాడు. గోడమీద రాతను పట్టించుకోని తల్లి ఆ కొడుకు ఫోను చేస్తే వింటుంది. అందుకే శిబిరం వివరాలు ముందు అతనికి చేరాలి. ఇక్కడి యాసలో, అర నిమిషంలో ముగిసే గొంతు సందేశంగా పంపితే అతను దాన్ని అలాగే ఇంటికి చేరవేస్తాడు.

కానీ మాట చేరితే పని అయిపోయినట్లు కాదు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఒకావిడ తనతో పనిచేసే ఏడుగురిని ఒప్పించి ఒక శిబిరానికి తీసుకొచ్చారు. పూట కూలి వదులుకుని వచ్చినవారే అందరూ. పదకొండు గంటలకే కిట్లు అయిపోయాయన్నారు. మళ్లీ ఎప్పుడో చెప్పలేదు, పేర్లూ రాసుకోలేదు. జీడి రసానికి నల్లబడిన వేళ్లతో కొంగు ముడి విప్పి, ఆ ఏడుగురికీ తిరుగు ఆటో ఛార్జీ ఆవిడే ఇచ్చారు. నిర్వాహకులు తర్వాతి శిబిరానికీ నలుగురికి చెప్పమని కరపత్రాల కట్ట చేతిలో పెట్టబోతే ఆవిడ అందుకోలేదు.

"ముందు వీళ్లకు ఎప్పుడు చేస్తారో చెప్పండి. రేపు పనిలో పక్కపక్కనే కూర్చోవాలి" అన్నారు.