ఫోర్కుకు పట్టాభిషేకం, గరిటెకు అరణ్యవాసం

హైదరాబాదులో మూడు పడక గదుల ఫ్లాటు కొన్న కుటుంబం విధిగా జరిపించవలసిన క్రతువుల్లో వంటింటి మధ్య ఐలాండ్, అంటే చుట్టూ దారి వదిలి కట్టే సొరుగుల గట్టు, కట్టించడం కూడా చేరిపోయింది గనుక, ఆ ఐలాండ్ సొరుగుల పంపకంలో జరుగుతున్న ఘోరమైన అన్యాయాన్ని పాఠకుల దృష్టికి తేవడం నా కర్తవ్యమని భావిస్తున్నాను. మొట్టమొదటి సొరుగు, అంటే వంగకుండా, వెతకకుండా చేతికందే ఏకైక సొరుగు, ఫోర్కుల పాలవుతోంది. అందులో ఒక ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. పెద్ద ఫోర్కులకు ఒక గడి, చిన్న ఫోర్కులకు ఒక గడి, మొద్దు కత్తులకు ఒకటి, చెంచాలకు ఒకటి. అడ్డంగా ఉన్న అయిదో గడి దేనికో దాన్ని అమ్మినవాడికి కూడా తెలియదు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకొని, వేళ్లు నాకి, ఆ తర్వాతే లోకం సంగతి చూసే ఇంట్లో ఈ ఏర్పాటు జరుగుతోంది. అట్లకాడకూ, పప్పుగుత్తికీ, చిల్లుల గరిటెకూ ఆ ట్రేలో ప్రవేశం లేదు. పొడుగు చాలా ఎక్కువట.

ఇంటీరియర్ డిజైనరు అడిగే ప్రశ్నలు ఎంతో లోతైనవి. ఆక్రిలిక్ వేయమంటారా, లామినేట్ వేయమంటారా? హ్యాండిల్ కనబడాలా, కనబడకూడదా? సొరుగు మెల్లగా మూసుకోవాలా, ఇంకా మెల్లగా మూసుకోవాలా? వీటన్నింటికీ ఇంటి యజమాని సోఫాలో కూర్చొని సమాధానాలు చెబుతాడు. ఆయన వంటింట్లోకి వెళ్లేది చల్లటి నీళ్ల సీసా కోసం మాత్రమే. ఇంట్లో ఎంతమంది తింటారు, కుక్కరు ఎన్ని లీటర్లది, జంతికల గొట్టం ఏడాదికి ఎన్నిసార్లు బయటికి వస్తుంది, గుండ్రటి పోపుల డబ్బా పక్కన నలుచదరపు సొరుగులో మిగిలే నాలుగు మూలల్లో ఏం పెట్టుకోవాలి అన్నవి మాత్రం ఎవరూ అడగరు. డిజైనరు చూపించే త్రీడీ బొమ్మలో ఐలాండ్ మీద ఆకుపచ్చ ఆపిల్ పళ్ల గిన్నె ఉంటుంది, కాడ గ్లాసులు రెండుంటాయి, పొయ్యి మీద మాత్రం ఏమీ ఉండదు. ఆ బొమ్మలోని మనుషులు ఏం తిని బతుకుతున్నారో దేవుడికెరుక.

లెక్కలు కూడా కొంచెం చూద్దాం. ఒక్కరే వంట చేసే ఇంట్లో గట్టుకూ ఐలాండ్‌కూ మధ్య 42 అంగుళాల దారి ఉండాలని ఈ వృత్తిలో చెప్పుకుంటారు. మన సొరుగు పూర్తిగా లాగితే దాదాపు 20 అంగుళాలు బయటికి వస్తుంది. ఎదుటి గట్టు కింద సొరుగు కూడా లాగి ఉంటే మధ్యలో మిగిలేది రెండంగుళాలు. ఆ రెండంగుళాల్లో నిలబడి ఇల్లాలు తాలింపు వేయాలి. బియ్యం సంగతి మరీ విచిత్రం. ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ అని 2022 జూలైలో కేంద్రం అనగానే, మిల్లర్లు ఒక్క కిలో కలిపి 26 కిలోల బస్తాలు కుట్టి పన్ను దాటేశారు. అంతటి ముందుచూపులో నూరో వంతు మన డిజైనరుకు ఉన్నా, 30 కిలోలు మాత్రమే మోసే రన్నర్ల (సొరుగు జారే పట్టాల) మీద బియ్యం సొరుగు వేసేవాడు కాదు. బస్తా పోశాక సొరుగు సొంత బరువు, అందులో సోలతో పొడిచే పోట్లు, ఆటలో దాన్ని పట్టుకొని వేలాడే పిల్లవాడు అన్నీ కలిసి ఆ మిగిలిన నాలుగు కిలోల్లోనే సర్దుకోవాలి.

వండేవాళ్ల అవసరం చూసి వంటిల్లు గీయడం చేతకాని విద్యేమీ కాదు. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం ఇరుకైన వంటింటిని గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగు. బియ్యానికీ, పంచదారకూ, రవ్వకూ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది; పట్టుకొని లాగి నేరుగా గిన్నెలోకి వంచుకోవచ్చు. పిండి డబ్బాలు మాత్రం పురుగు పట్టకుండా ఓక్ చెక్కతో చేయించింది. తరిగిన తొక్కలు గట్టు మీద నుంచి తోసేస్తే పడడానికి ఒక సొరుగు. తనకు వంట రాదని ఆవిడే తర్వాత ఒప్పుకుంది. రాదు కనుకనే వండే ఆడవాళ్లను అడిగింది, వాళ్లు వేసే అడుగులు లెక్కపెట్టింది. మన డిజైనర్లకు వంట రాకపోవడమొక్కటే ఆవిడతో పోలిక.

ఇక ఫోర్కుల సొరుగు తన అసలు స్వరూపం చూపేది గృహప్రవేశం నాడు. పాలు పొంగించడం అయింది, వ్రతం అయింది, బంధువులంతా ఐలాండ్ చుట్టూ చేరారు. యజమాని సొరుగు లాగి, చిటికెన వేలితో చిన్నగా తోశాడు. ముప్ఫై మంది ఊపిరి బిగబట్టి చూస్తుండగా సొరుగు గుడిలోకి ఉత్సవ విగ్రహం వెళ్లినంత గంభీరంగా లోపలికి వెళ్లి, చప్పుడు లేకుండా మూసుకుంది. ‘ఆహా’ అన్నారు తోడల్లుడుగారు. చుట్టాలు వస్తున్నారన్న కంగారులో ఇల్లాలు సాంబారు గరిటెను అందులోనే పడేసిన సంగతి ఎవరికీ తెలియదు. లోపల గరిటె తల పైకి లేచి, పై చట్రానికి తన్నిపట్టింది. పంక్తి కూర్చుంది, పురోహితులు విస్తరి ముందు చేతులు కడుక్కున్నారు, సాంబారు వచ్చింది. గరిటె రాదు. యజమాని లాగాడు, సొరుగు అరంగుళం వచ్చి ఆగింది. తోడల్లుడుగారు లాగారు. నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేసిన బాబాయిగారు అందరినీ పక్కకు జరిపి, ఇది ఒత్తిడి ఎటునుంచి వస్తోందన్న ప్రశ్న అని నిర్ణయించి, పిల్లవాడి స్కేలు తెప్పించి సందులో దూర్చారు. స్కేలు విరిగి సగం లోపలే ఉండిపోయింది. డిజైనరుకు వీడియో కాల్ చేస్తే, ఆయన సొరుగు ఫినిష్ చూసి మురిసిపోయి, గీతలు పడకుండా చూసుకోమని సలహా ఇచ్చాడు. ఈలోగా పంక్తిలో సాంబారును స్టీలు గ్లాసుతో ముంచి పోస్తున్నారు.

చివరికి గిన్నెలు తోముతున్న పనావిడ వచ్చి, చీర కొంగుకు చేతులు తుడుచుకొని, కింది సొరుగును ఊడదీసి, ఆ ఖాళీలోంచి పై సొరుగు వెనక్కి చెయ్యి పోనిచ్చి గరిటెను కిందికి నొక్కింది. సొరుగు తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆవిడకు కాఫీ ఇచ్చారు. ఎందులో ఇచ్చారో చెప్పనా? వంటింటి వెనక గిన్నెలు తోమే యుటిలిటీలో, కిటికీ గట్టు మీద, సబ్బు పొడి డబ్బా పక్కన విడిగా ఉంచే గ్లాసులో. లక్షలు పోసి కట్టించిన ఐలాండ్‌కు నాలుగు వైపులా సొరుగులున్నాయి. ఎవరూ నోట పెట్టని ఫోర్కులకు చోటుంది, హోటలు నుంచి వచ్చిన సాస్ పొట్లాలకు చోటుంది, పాడైన చార్జర్లకు చోటుంది. ఆ ఫోర్కుల మీది దుమ్ము కడిగి గళ్లలో సర్దే మనిషి గ్లాసుకు చోటు లేదు. ఈ నేరం డిజైనరు మీదికి నెట్టడానికి కుదరదు. ఆ గ్లాసు ఎక్కడుండాలో ఏ త్రీడీ బొమ్మలోనూ లేదు; అది మనం స్వయంగా వేసుకున్న ప్లాను, సిగ్గులేకుండా వేసుకున్న ప్లాను. బిల్డరు ‘వెట్ కిచెన్’ అని పేరు పెట్టిన ఆ యుటిలిటీలో ఫ్యాను కూడా ఉండదు. రుబ్బడం, తోమడం, చేపలు కడగడం, చెమట కార్చడం అన్నీ అక్కడే. ఇవతల ఆపిల్ పళ్లకు ఏసీ గాలి.

సంక్రాంతి నాటికి ఫోర్కుల ట్రే కింద కరెంటు బిల్లులు, ట్రే మీద మాత్రల స్ట్రిప్పులు చేరతాయి. గరిటెలు, అట్లకాడలు, జల్లెడ తమంతట తాము యుటిలిటీకి నడిచి వెళ్లి, వడ్రంగి కొట్టిన మేకులకు వేలాడతాయి. వంట మొదటిసారి వేగం అందుకుంటుంది. ఇది చూసిన డిజైనరు ఎంతో ముచ్చటపడి, మేకుల స్థానంలో ఒక స్టీలు కడ్డీ, దానికి ఆరు కొక్కేలు గీసి, ‘ఓపెన్ స్టోరేజ్’ అన్న శీర్షిక కింద కొత్త కొటేషన్ పంపించాడు. జీఎస్టీ అదనం.