గడి చెప్పిందే ఇంటి నంబరు

మా ఇంటి నంబరు 2-10. తాతగారి హయాం నుంచీ అదే. గుమ్మం పక్కన రేకు మీదా అదే. 2024లో మా వీధి సంఘం చందాల పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. మాది ఇల్లు కాదు, గాంధీ జయంతి. గడిలో 2-10 కొట్టి ఎంటర్ నొక్కగానే ‘02-అక్టోబర్’ అని తేలింది. 2-6 వారు తెలంగాణ అవతరణ దినోత్సవం. వీధి చివర 2-72లో ఉన్న మాస్టారిది మరీ పాత కాపురం, 1972 ఫిబ్రవరి.

ఇదేదో పొరపాటనుకుని మా కోశాధికారి ఆ గడిని టెక్స్ట్‌గా మార్చారు. 45567 వచ్చింది. 1900 జనవరి 1ని ఒకటి అనుకుని 2024 అక్టోబర్ 2 దాకా లెక్కపెడితే అన్ని రోజులట. ఆ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 కూడా ఉంది. అలాంటి రోజు లోకంలో ఎవరికీ తెల్లవారలేదు. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాం చేసిన తప్పును, దానితో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా నెత్తిన పెట్టుకుంది. (అధికమాసం వస్తే మన పంచాంగం వారు ఉగాదికే చెప్పేస్తారు. అది వేరే విషయం.)

గడికి మర్యాదలు కూడా ఉన్నాయి. ఎఫ్2 నొక్కి, అంటే తలుపు తట్టి, లోపలికి వెళ్లాలి. మాస్టారి పేరు చివర ‘వు’ పడలేదని కోశాధికారి తిన్నగా గడి మీద నిలబడి ‘వు’ కొట్టారు. పేరంతా పోయి ‘వు’ మిగిలింది. మూడు నెలలు రసీదులు ‘వు గారికి’ వెళ్లాయి.

నంబరుకు ముందు ఒక సింగిల్ కోట్ పెడితే చాలని, లేదా కొట్టకముందే కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ చేసుకోవాలని మా వీధి కుర్రాళ్లు అంటారు. పెద్దల మీద అపనమ్మకం ఇలాగే మొదలవుతుంది. పన్నెండంకెల ఆధార్‌ను మామూలు గడిలో కొట్టి చూడండి, ‘4.56712ఈ+11’ అని కనిపిస్తుంది. కాలమ్ పొడుగునా అందరి చివరా అదే ఈ+11. ఇంతటి సమానత్వం రాజ్యాంగం వల్ల కూడా కాలేదు.

శాస్త్రవేత్తలు మనకంటే ముందే దారికొచ్చారు. మార్చ్1, సెప్ట్1 అనే మానవ జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో పేర్లే మార్చేసింది. ఇప్పుడవి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1. మన ఒంట్లో ఉన్నవే పేరు మార్చుకోగా లేనిది, గుమ్మం పక్కన రేకుకు ఎందుకంత పంతం?

అందుకే నేను గడి మాటకు కట్టుబడ్డాను. మొన్న కోశాధికారి చందాకు వస్తే, గాంధీ జయంతి సెలవు, ఆ రోజు వసూళ్లేమిటని అడిగాను. ఆయన షీటు తీసి చూసుకుని వెళ్లిపోయారు. 2-6 వారూ అదే మాట మీద ఉన్నారు. మాస్టారు మాత్రం పద్ధతి గల మనిషి, చందా కడతానన్నారు. 1972 నాటి రేటు ప్రకారం.