పొగ పట్టాదారు గారికి

యూరప్ కార్బన్ పర్మిట్ గారూ,

నమస్కారం. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ని దర్జాగా గాల్లోకి వదలడానికి మీరు పట్టా. పొలానికి పట్టా చూశాం, చెరువులో ప్లాటుకీ పట్టా చూశాం. పొగకి పట్టా అంటే మాత్రం మీరే.

2005లో మీరు పుట్టగానే పెళ్లి తాంబూలాల్లా పెద్ద ఫ్యాక్టరీలకీ కరెంటు ప్లాంట్లకీ పంచారు. ‘నీకెంత పొగ కావాలి?’ అని ఫ్యాక్టరీనే అడిగితే తక్కువ చెబుతుందా? మరుసటి ఏడాది అసలు లెక్క తేలేసరికి పొగ కంటే పర్మిట్లే ఎక్కువున్నాయి. 30 యూరోల దాకా ఎక్కిన మీ ధర 2007 చివరికి సెంట్లలోకి దిగింది. మదనపల్లె టమాటాలైతే రోడ్డు మీద పారబోసేవాళ్లు. మిమ్మల్ని పారబోయడానికి లేదు, పై ఏడాదికి దాచుకోవడానికీ లేదు.

నాకు ముచ్చటేసింది కరెంటు కంపెనీల తెలివి. ఫ్రీగా వచ్చిన మీకు మార్కెట్ రేటు కట్టి, కరెంటు ధరలో కలిపేశాయి. సత్రంలో భోంచేసొచ్చి ఇంట్లో హోటల్ బిల్లు చూపించినట్టు!

2011 జనవరిలో ప్రాగ్‌లో మీ ఖాతాలుండే ఆఫీసుకి బాంబు బెదిరింపొచ్చింది. ఉద్యోగులు బయటికి పరుగు. మర్నాడు చూస్తే ఒక ఖాతాలో 4,75,000 పర్మిట్లు మాయం. పొగ వదిలే హక్కుని కూడా దొంగలెత్తుకెళతారని నాకప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మీ వాళ్లకి బుద్ధొచ్చింది. 2013 నుంచి కరెంటు కంపెనీల్లో చాలావాటికి ఉచితం ఆపి వేలం పెట్టారు, 2019 నుంచి మిగులుని వెనక్కి లాగారు. 2023 ఫిబ్రవరిలో మీరు 100 యూరోలు దాటారు. బొగ్గు ప్లాంట్ల అకౌంటెంట్లకి పర్యావరణం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మీ పరిధిలోని ప్లాంట్లు, ఫ్యాక్టరీల పొగ 2005తో పోలిస్తే 2023కి దాదాపు 47 శాతం తగ్గింది. పేరంతా మీదే అనుకోకండి, గాలిమరలకీ సోలార్‌కీ అందులో వాటా ఉంది.

2023లో మా దేశంలో మీ తమ్ముడు ‘కార్బన్ క్రెడిట్’ పేరు కూడా గెజిట్‌కెక్కింది. ఇక్కడ మొత్తం పొగకి హద్దు లేదు. టన్ను సిమెంటుకి ఎంత పొగ అన్నదే లెక్క. ఒక్కో పూరీకి నూనె తగ్గించామండీ, అందుకని ఇంకో నాలుగు వడ్డించమంటున్నాం.

తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు ఆ 2007 సంగతి కాస్త వివరంగా చెప్పండి.

ఇట్లు,
ఏ పర్మిటూ లేకుండా రోజూ ఊపిరి వదిలేస్తున్న మనిషి