తప్పుడు ఎత్తుకు గట్టు న్యాయం

చదరంగంలో నిబంధనకు విరుద్ధమైన ఎత్తు వేసినవారిని ఎలా శిక్షించాలో తేల్చుకోలేక అంతర్జాతీయ సమాఖ్య ఫిడే ఏళ్ల తరబడి పడుతున్న అవస్థ చూస్తే, పొలం గట్ల తగాదాల్లో తలలు పండిన మన గోదావరి డెల్టా పెద్దమనుషులను ఒక్కసారైనా సంప్రదించకపోవడం ఎంత లోటో తెలుస్తుంది. ఎక్కువ సమయమిచ్చే మామూలు పోటీల్లో ఒకప్పుడు మూడో తప్పుడు ఎత్తుకు గాని ఆట పోయేది కాదు. 2014 జూలై నుంచి రెండోదానికే పోతోంది. మొదటి తప్పుకు ప్రత్యర్థి గడియారంలో రెండు నిమిషాలు కలుపుతారు, తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్, అంతకన్నా వేగంగా సాగే బ్లిట్జ్ పోటీల్లో ఒక నిమిషం.

అమలాపురంలోనో తణుకులోనో ఒక కల్యాణ మండపంలో పిల్లల ర్యాపిడ్ పోటీ జరుగుతోందనుకుందాం. ఎనిమిదేళ్ల పిల్లవాడు కుడిచేత్తో రాజును, ఎడమచేత్తో ఏనుగును ఒకేసారి జరిపి, ఆ రెండు పావులనూ ఒకే ఎత్తులో కదిపే క్యాస్లింగ్ పూర్తయిందన్న సంబరంలో గడియారం నొక్కుతాడు. రెండు పావులూ సరైన గళ్లలోనే ఉన్నాయి. అయినా రెండు చేతులు వాడాడు కనుక, రాజును చెక్‌లో వదిలేసినవాడికి పడే శిక్షే వీడికీ పడుతుంది. రెండు చేతులా సంపాదించినవారికి శాలువాలు కప్పే సీమలో పుట్టిన పిల్లవాడికి ఈ నిబంధన అంత తొందరగా తలకెక్కదు.

అయితే ఫిడేకు మన పద్ధతులు బొత్తిగా తెలియవని కూడా అనలేం. తగిన సంఖ్యలో ఆర్బిటర్లు, అంటే ఆట తీర్పరులు, లేని ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీల్లో, ఆర్బిటర్ కలగజేసుకోక, ప్రత్యర్థి అభ్యంతరం చెప్పకుండానే తన ఎత్తు వేసేస్తే, అంతకుముందు పడిన తప్పుడు ఎత్తు చెల్లిపోతుంది. ఏటా సార్వా దమ్ములో గట్టును పక్కవాడి చేలోకి జానెడు జరిపే రైతు నమ్ముకున్న న్యాయం సరిగ్గా ఇదే. కాకపోతే ప్రతికూల స్వాధీనం, అంటే పరుల భూమిని ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం, రుజువు చేసుకోవడానికి అతడికి 12 ఏళ్లు పడితే, చదరంగంలో ఒక్క ఎత్తు చాలు.

2017 డిసెంబరులో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో రష్యా గ్రాండ్‌మాస్టర్ ఇనార్కియెవ్ తన రాజు చెక్‌లో ఉన్న సంగతి వదిలేసి గుర్రంతో ఎదురు చెక్ చెప్పాడు. ప్రత్యర్థి, అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ తన రాజును పక్కకు జరపగానే, తప్పుడు ఎత్తు వేసింది కార్ల్‌సనేనని ఫిర్యాదు చేశాడు. ఆర్బిటర్ మొదట గెలుపు ఇనార్కియెవ్‌కే ఇచ్చాడు. చీఫ్ ఆర్బిటర్ వచ్చి ఆట కొనసాగించమంటే ఇనార్కియెవ్ ఒప్పుకోలేదు, పాయింటు కార్ల్‌సన్‌కు పోయింది. గట్టు తానే నరికి పక్కవాడి మీద తగువు పెట్టే ఈ విద్యలో ఇనార్కియెవ్‌కు మన లంక గ్రామాల్లో రెండు దాళ్వాల శిక్షణ ఉండి ఉంటే కథ ఇలా ముగిసేది కాదు.

కనుక నా ప్రతిపాదన క్రమబద్ధీకరణ. అనుమతి లేకుండా వరిచేలో తవ్విన చేపల చెరువుకూ, అక్రమ లేఅవుట్‌కూ దొరికే వెసులుబాటు ఐమూలగా నడిచిన ఏనుగుకు ఎందుకు దొరకకూడదు? ఆటగాడు నిర్ణీత రుసుము కట్టి రశీదు బల్ల మీద పెడితే ఆ ఎత్తు చెల్లాలి. గడువులోగా కట్టలేనివారికి గడువు పొడిగించాలి, పొడిగించిన గడువూ దాటితే అపరాధ రుసుములో రాయితీ ఇవ్వాలి. చెక్‌మేట్ అయినవాడు స్టే తెచ్చుకుంటే తుది విచారణ వరకు అతడి రాజు యథాతథ స్థితిలో కొనసాగాలి. రెండు చేతులతో క్యాస్లింగ్ చేసిన పిల్లలకు మాత్రం ఈ పథకం వర్తించదు. వారి దగ్గర వసూలు చేయడానికి ఏమీ ఉండదు గనుక ఆ ఒక్క నిమిషం శిక్ష కచ్చితంగా అమలవుతుంది.